మా సారుకు ట్రాన్సిటివ్ పాఠం

నవంబరు 9, ఆదివారం

వాక్యంలో క్రియను పట్టుకోవాలి. దాన్ని 'ఏమిటి?' అనో 'ఎవరిని?' అనో అడగాలి. జవాబొస్తే ట్రాన్సిటివ్, రాకపోతే ఇన్‌ట్రాన్సిటివ్. ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. బోధన్‌లో డిగ్రీ పిల్లలకు ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. మా సారు, అంటే మా ఆయన, దిండుకు ఆనుకుని విన్నాడు. "సమజైంది, సమజైంది" అన్నాడు. అయితే 'హి స్లెప్ట్' ఏమిటో చెప్పమన్నాను.

"హి స్లెప్ట్. అంటే నిద్రపోయిండు. ఏం పోయిండు? నిద్ర. జవాబొచ్చింది. ట్రాన్సిటివ్."

చెప్పి పేపరు విప్పుకున్నాడు.

వంటింట్లోకి పోయి గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. కోపమేమీ లేదు. పొద్దుటి నుంచి తలనొప్పిగా ఉంది, అంతే.

పాపం, ఆయన పరిస్థితీ ఆలోచించాలి. పాతికేళ్లుగా పంతులుగిరీ చేస్తున్న మనిషి. ఎడపల్లి అవతల ఊళ్లో ప్రైమరీ స్కూలు. సిద్దిరాములు సారంటే ఆ ఊళ్లో తండ్రీ కొడుకూ ఇద్దరూ లేచి నిలబడతారు, ఇద్దరికీ ఆయనే అఆలు దిద్దించాడు కాబట్టి. సర్వీసులో ఉన్న టీచర్లు కూడా టెట్ పాస్ కావాల్సిందేనని, లేకపోతే గడువు తీరాక ఇంటికి పోవాల్సిందేనని తీర్పు వచ్చిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. లెక్కలొచ్చు, తెలుగొచ్చు. ఇంగ్లీషు రాదు. ఇంట్లో ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన భార్య ఉంది కదా, ఇంకేం ఫికర్ అని చుట్టాలందరూ అంటున్నారు. నాకున్న ఫికర్ అదే.

నవంబరు 11

కూరగాయలు కోస్తూ 'హి లాఫ్డ్' అడిగాను. నవ్వాడు.

నవంబరు 12

'హి బేత్డ్'. స్నానం చేసిండు. ఏం చేసిండు? స్నానం. ట్రాన్సిటివ్.

తెలుగులో అడగొద్దు మహాప్రభో, ఇంగ్లీషులో అడగాలి అన్నాను. "ఇంగ్లీషుల అడిగేటట్టు వస్తే నీతోని ఎందుకు చెప్పించుకుంట?" అన్నాడు.

నవంబరు 16, ఆదివారం

ఎంత పని చేశాడు! మా మేడం ఇంగ్లీషు చెప్తది, అందరూ రండ్రి అని పిలిచాడట. నాకు మాట మాత్రం చెప్పలేదు. పదింటికి తలుపు తీస్తే ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆత్మారాం సారు, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి బడిలో ఉంటాడు, మూడు భాషలు కలిపి మాట్లాడతాడు. రాజనర్సు సారు, అంకాపూర్ దిక్కు పసుపు పండించే ఇల్లు. రాధాబాయి టీచర్, మా సారు బడిలోనే, ఆయన పక్క క్లాసు. అందరికీ యాభై దగ్గర. అందరిదీ అదే పరీక్ష, అదే భయం.

హాల్లో చాప వేసి కూర్చోబెట్టాను. వాళ్లు పిల్లల్లాగే కూర్చున్నారు. రాజనర్సు సారు వెనక్కి, గోడకు. రాధాబాయి ముందు, పెన్ను మూత తీసి. నేను ఏం చెప్పినా అందరూ కలిసి "ఎస్ మేడం" అంటున్నారు. మన ప్రైమరీ బళ్లలో సారు సగం మాట అని ఆగితే క్లాసంతా మిగతా సగం అరుస్తుంది చూడండి, వీళ్లకు అది ఎముకల్లోకి ఎక్కింది. 'ఇన్‌ట్రాన్సి' అని ఊపిరి తీసుకున్నానో లేదో "టివ్" అని నలుగురూ కలిసి అన్నారు. అన్నాక ముఖాల్లో ఎంత సంతోషం, అంతా వచ్చేసినట్టు. దాని అర్థమేమిటని అడిగితే రాజనర్సు సారు రాధాబాయి పుస్తకంలోకి తొంగి చూశాడు.

నేను 'ఏమిటి, ఎవరిని' సూత్రం చెప్పాను. ముఖాలు మూసుకుపోయాయి. అప్పుడు మా సారు గొంతు సవరించుకున్నాడు.

"మేడం చెప్పింది పెద్దగైంది. నేను జర మనోళ్ల తీరుగ చెప్త. క్రియ అంటే ట్రాక్టర్ ఇంజను. ఇంజను ఉత్తగ పోతున్నదనుకో, ఇన్‌ట్రాన్సిటివ్. ఎన్క ట్రాలీ తగిలించి ఉన్నదా, ట్రాన్సిటివ్. క్రియ ఎన్క ఏమన్న ఉన్నదా లేదా, గంతే సూడాలె."

లేచి నిలబడ్డాడు కూడా. ఇంజను తనే అయ్యాడు, ట్రాలీగా ఆత్మారాం సారును లాగాడు. అందరూ నవ్వారు. రాజనర్సు సారు గోడ వదిలి ముందుకు జరిగాడు. నేను వీళ్లకు గంట చెప్పింది ఎక్కలేదు, ఇది నిమిషంలో ఎక్కింది.

ఎక్కింది తప్పు! 'హి వెంట్ టు బోధన్' ఏమిటి అని నేనే అడిగాను, ఆగలేక. "ట్రాన్సిటివ్" అని నలుగురూ. వెంట్ వెనక ట్రాలీ ఉంది కదా, బోధన్. కాదు, బోధన్ కర్మ కాదు, అది ఎక్కడికి అనే దానికి జవాబు, ఏమిటి అనే దానికి కాదు, అని చెప్పుకుంటూ పోయాను. గొంతు పెరిగిందేమో. అందరూ చాప వైపు చూడటం మొదలుపెట్టారు. చివరకు రాధాబాయి, నన్ను ఓదారుస్తున్నట్టు:

"మేడం, మీది పెద్ద చదువు. మాకు సార్ చెప్పిందే మంచిగ సమజైంది."

వాళ్లు పోయాక ఆయన చెప్పులు గూట్లో పెడుతూ, నలుగురి ముందర నా ఇజ్జత్ తీసినవ్ అన్నాడు.

ఇజ్జత్ ఎవరిది పోయిందో అడగాలనుకున్నాను. చాప చుట్టి మూలకు పెట్టాను.

నవంబరు 18

పచ్చిపులుసు ఎక్కువ కారం చేశాను. కావాలని కాదు.

నవంబరు 20

ఆయన తప్పు చెబితే వాళ్లకు అర్థమైంది. నేను ఒప్పు చెబితే అర్థం కాలేదు. ఈ ముక్క రెండ్రోజులుగా వదలడం లేదు. నా డిగ్రీ పిల్లలు కూడా "ఎస్ మేడం" అనే అంటారు. పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది ఎంత ఎస్సో. ఇన్నేళ్లూ నేను ఒప్పు చెప్పాననే గర్వంతోనే బతికానా? ఏడాదేడాదీ గెస్టు లెక్చరరుగా మళ్లీ తీసుకుంటారో లేదో అని చూసే నేనెక్కడ, పాతికేళ్ల కిందట టీటీసీ చేసి సర్కారు నౌకరీ కొట్టిన ఆయనెక్కడ. ఆయన ఫెయిలైతే...

పిచ్చి రాతలు. ఆయన పాస్ కావాలి. ఆ మాటలో సందేహమేం లేదు.

నవంబరు 21

మా బస్సు ఇవాళ ఆయన బడి దగ్గర ఆగింది, ఏదో టైరు గొడవ. కిటికీలోంచి చూశాను. వరండాలో క్లాసు. ఆయన ఎలుగుబంటిలా నడుస్తున్నాడు, పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు, నవ్వుతూనే ఎక్కాలు చెబుతున్నారు. ఒక పిల్ల ఆయన చొక్కా పట్టుకుని వేలాడుతోంది. ఆయన నన్ను చూడలేదు.

బడి లేని సిద్దిరాములు ఎలా ఉంటాడో ఊహించాను. పొద్దంతా ఇంట్లో, కుర్చీలో, నాకు అన్నీ వివరిస్తూ. భయమేసింది. బాధ కూడా వేసింది, కానీ ముందు భయమే.

నవంబరు 25

దొరికింది.

సాయంత్రం బస్సు ముందు చెరుకు ట్రాక్టరు. ఎంత హారను కొట్టినా సైడివ్వడు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకంతా ఎక్కడెక్కడికో పోతోంది, రోడ్లన్నీ ఈ ట్రాక్టర్లే. డ్రైవరు తిట్టుకుంటున్నాడు, నేను ఆ ట్రాలీనే చూస్తున్నాను. ట్రాలీలో చెరుకు ఉంది. ట్రాలీలో ఊరు లేదు! ఊరు దారి చివర ఉంది. ఇంజను వెనక ఉన్నదల్లా సరుకు కాదు, దారి కూడా ఉంటుంది. 'హి వెంట్ టు బోధన్' అంటే బోధన్ దారి, ట్రాలీ ఖాళీ. 'హి కట్ ది కేన్' అంటే కేన్ సరుకు, ట్రాలీకి ఎక్కింది. అంతే. ఆయన తప్పును పారేయాల్సిన పని లేదు, ట్రాలీలోకి తొంగి చూడమంటే చాలు.

పక్క సీటావిడ నన్ను వింతగా చూసింది. పైకే అన్నట్టున్నాను.

నవంబరు 26

పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే చెప్పాను. సరుకా, దారా? రేజరు చెంప మీద ఆగింది. అద్దంలోంచి నన్ను చూశాడు. ఎన్నేళ్లయిందో ఆ చూపు చూసి.

"గిదే గదా నేను చెప్పింది" అన్నాడు.

నవంబరు 30, ఆదివారం

వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ విన్నాను. హాల్లో ఆయన పాఠం. సరుకు, దారి, ఖాళీ ట్రాలీ, అంతా నాదే. కానీ ఆయన చెబుతుంటే నాది కాదు. 'నిద్ర' చిక్కు కూడా విడదీశాడు, అది మాత్రం నేను చెప్పలేదు.

"మన తెలుగుల ఎవ్వడు ఉత్తగ పోడు. నిద్ర పోతడు. ఉత్తగ చెయ్యడు, తానం చేస్తడు. మనోడు ఖాళీ ట్రాలీ తోలనే తోలడు, ఏదో ఒకటి ఎత్తుకుంటడు. ఇంగ్లీషోడు ఖాళీగ పోతడు. అందుకని తెలుగు చేసి అడగొద్దు."

పదేళ్ల కిందట ఈ ముక్క నాకెవరైనా చెప్పి ఉంటే నా క్లాసులు ఇంకోలా ఉండేవి. బయటికి పోయి శభాష్ అనాలనిపించింది. ఆత్మారాం సారు అప్పుడే అన్నాడు, సార్ ఇంగ్లీషు గిట్ల చెప్తే ఎవ్వనికైన వస్తది, మేడం జర పై లెవల్ అని. ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండిపోయాను.

డిసెంబరు 8

ఒక పద్ధతి కుదిరింది. పొద్దున టీ దగ్గర నేను చెబుతాను, ఆయన పేపరు చూస్తున్నట్టు ఉంటాడు. సాయంత్రం హాల్లో వాళ్లకు ఆయన చెబుతాడు. ఇప్పుడు వాళ్లు ఆదివారాలే కాదు, వీలైనప్పుడల్లా వస్తున్నారు. ఆయన వాళ్లను వాయిస్తున్నాడు. ప్రశ్న మీద ప్రశ్న. రాజనర్సు సారును నిలబెట్టాడు కూడా.

నా పేరు ఎక్కడా లేదు. నాకేం పట్టింపు లేదు. పాస్ కావడం ముఖ్యం.

డిసెంబరు 15

పట్టింపు లేదని మొన్న రాసింది చదివాను. సరే.

డిసెంబరు 21, ఆదివారం

ఆయన్ను ప్రశ్నలు అడగడం మానేశాను. అడిగితే ముఖం మాడుతుంది, రోజంతా మాడే ఉంటుంది. నేను చెబుతాను, ఆయన "సమజైంది" అంటాడు, సాయంత్రం చక్కగా చెబుతాడు. అంత చక్కగా చెప్పేవాడికి రాకుండా ఎలా ఉంటుంది? వచ్చే ఉంటుంది.

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జనవరి 3

హాల్‌టికెట్లు వచ్చాయి. నలుగురివీ వేర్వేరు రోజులు. కంప్యూటరు పరీక్ష. మౌసు పట్టడం ఆయనకు నేర్పబోయాను. వచ్చు అన్నాడు.

జనవరి 11, ఆదివారం

రాసొచ్చాడు. మంచిగ రాసిన అన్నాడు. ఇంగ్లీషో అన్నాను.

"నువ్వు చెప్పినయి ఒక్కటి రాలే."

వాక్యాలు అవే ఎందుకొస్తాయి మహానుభావా! సూత్రం అదే కదా, వాక్యం మారుతుంది కదా! ఏమొచ్చింది మరి అని అడిగితే 'షి రన్స్ ఎ హోటల్' అట. రన్ ఇన్‌ట్రాన్సిటివ్ అని నేనే చెప్పానట. 'ది బాయ్ రన్స్' అని చెప్పాను. పిల్లవాడు ఉత్తినే పరిగెడతాడు, హోటలు పెట్టినావిడ హోటల్ని నడుపుతుంది, ఒకే మాట రెండు రకాలుగా ఉండొచ్చని కూడా చెప్పాను. చెప్పానా? చెప్పాననే అనుకుంటున్నాను. ఆయన పేపరు చూస్తున్న రోజు చెప్పి ఉంటాను.

ఫిబ్రవరి 11

పోయింది.

ఫిబ్రవరి 12

ఆత్మారాం సారు పాస్. రాధాబాయి పాస్. గోడకు ఆనుకుని కూర్చునే రాజనర్సు సారు కూడా పాస్. మా సారు ఫెయిల్. అంచుకొచ్చి ఆగాడు. ఇంగ్లీషులోనే తగ్గింది.

నిన్న ఫోనులో చూసుకుని, ఫోను టేబుల్ మీద బోర్లా పెట్టి, పైకి పోయి ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూసొచ్చాడు. కిందికి దిగి, ఉన్నయి అన్నాడు. ఇంకో ఛాన్సుంది కదా, గడువు ఇంకా ఉంది కదా అని నేను అంటున్నాను. ఇవాళ పొద్దున టీ ముందు పెడితే, కప్పు వైపు చూస్తూ అన్నాడు:

"వాళ్లకు నేను చెప్పిన, వాళ్లకొచ్చింది. నాకెవలు చెప్పిండ్రు?"

ఫిబ్రవరి 13

నిన్న ఆ మాట విని సంచీ తీసుకుని బస్సెక్కేశాను. సగం దారిలో గుర్తొచ్చింది, నిన్న నాకు క్లాసుల్లేవు. దిగలేదు. బోధన్ దాకా పోయి, బస్టాండులో టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను.

నాకెవలు చెప్పిండ్రు! రెండు నెలలు పొయ్యి ముందు నిలబడి నేను చెప్పింది గోడకా? నా మాటలు ఆయన నోట్లోంచి పోయి రాజనర్సు సారును పాస్ చేశాయి, ఆయన చెవుల్లోంచి మాత్రం...

పోయేటప్పుడంతా ఇలాగే తిట్టుకున్నాను. వచ్చేటప్పుడు ఎడపల్లి దగ్గర ఇంకోటి తోచింది. తోచకుండా ఉంటే బాగుండేది. ఆయన వాళ్లను అడిగాడు. తప్పు చెబితే నిలబెట్టాడు, మళ్లీ అడిగాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు. నేనే అడగలేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి మాడిన ముఖం చూడటం ఇష్టం లేక.

అయినా ఆ మాట అనకూడదు ఆయన.

ఫిబ్రవరి 15, ఆదివారం

ముగ్గురూ వచ్చారు. రాజనర్సు సారు గోళ్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఇంట్లో పసుపు ఉడకబెడుతున్నారట. రాధాబాయి చేతిలో శాలువా, పూలదండ. ఫలితాలు రాకముందే కొని పెట్టారని, రిజల్టు చూశాక తేవాలా వద్దా అని బస్టాండులో ముగ్గురూ తగువు పడ్డారని తర్వాత తెలిసింది. మా సారు లుంగీ మీద ఉన్నాడు. కూర్చోండ్రి అన్నాడు. నేను టీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

చివరకు రాజనర్సు సారు లేచి, ఏమైతేంది, మాకు చెప్పింది సారే గదా అని శాలువా కప్పేశాడు. లుంగీ మీద శాలువా. దండ కూడా వేశారు. పాస్ కాని మనిషికి పాసైనవాళ్ల సన్మానం. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆయన కదలకుండా కూర్చున్నాడు, పెళ్లికొడుకులా.

రాధాబాయి మంచి మనిషి, మనసులో ఏదీ దాచుకోదు. అడిగేసింది.

"సార్, మీకు రాంది మాకెట్ల చెప్పిండ్రు?"

ఆత్మారాం సారు ఆమె వైపు కళ్లు ఉరిమి చూశాడు. మా సారు దండలో పువ్వొకటి తుంచాడు. ఇప్పుడు ఏదో ఒక కథ చెబుతాడు, మౌసు చెడిపోయిందనో, కరెంటు పోయిందనో, అనుకున్నాను. వరసగా నాలుగు కథలు నేనే ఊహించాను.

"పొద్దుగాల ఆమె చెప్తుండె" అన్నాడు, తల ఎత్తకుండా, చేత్తో వంటింటి వైపు చూపించి. "పొద్దుమీకి గదే నేను మీకు చెప్తుంటి. ట్రాలీ ఒక్కటి నాది. సరుకు ఆమెది."

టీ పొంగింది. నేను చేతిలో పట్టుకున్నది కాదు, పొయ్యి మీద రెండో గిన్నె. కట్టేసి వచ్చేసరికి ఆత్మారాం సారు, గట్లయితే శాలువా మేడంకు కప్పాలె అని లేచి ఆయన భుజం మీంచి లాగబోతున్నాడు. మా సారు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏయ్, గిది నాది. ఆమెకు కావాల్నంటే ఇంకోటి తెండ్రి."

అందరూ నవ్వారు. రాధాబాయి కళ్లొత్తుకుంటూ నవ్వింది. నేను కూడా నవ్వాను, కానీ ఎంత ఒళ్లు మండిందో. మూడు నెలల్లో ఒక్కసారి అనాల్సిన మాట, ఫెయిలైతే తప్ప నోట్లోంచి రాలేదు. వచ్చాక కూడా శాలువా వదల్లేదు.

టీ నలుగురికీ పోశాను. ఆయనకు కొంచెం ఎక్కువే పడింది.

ఫిబ్రవరి 17

పొద్దున చెప్పాను. ఇకనుంచి నేను చెప్పను, అడుగుతాను. పేపరు పక్కన పెట్టాలి. రాకపోతే రాలేదనాలి. ముఖం మాడితే మాడనీ, నేను చూడను.

పేపరు మడిచి పక్కన పెట్టాడు. అంతవరకూ పెట్టాడు.

ఫిబ్రవరి 18

నిన్న అడిగినవన్నీ తప్పు చెప్పాడు. ముఖం మాడింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురింటి వాళ్ల బట్టలు ఎన్ని ఆరేసి ఉన్నాయో నాకిప్పుడు బాగా తెలుసు.

ఫిబ్రవరి 20

ఇవాళ మళ్లీ ఆ హోటలే తీశాను. 'షి రన్స్ ఎ హోటల్'.

హోటల్ ఎట్ల ఉర్కుతది అన్నాడు. హోటల్ పరిగెత్తదు, ఆమె నడుపుతుంది, హోటల్ సరుకు అన్నాను. నడిపితే డ్రైవ్ అనాలె గదా అన్నాడు. డ్రైవ్ బండికి, రన్ హోటల్‌కు, బడికి, సంస్థకు అన్నాను. గిది మరీ అన్యాయం అన్నాడు. ఇంగ్లీషు నేను చేయలేదు అన్నాను. కుక్కరు కూత పెట్టింది, ఎవరూ లేవలేదు.

"సమజైందా?" అన్నాను.

సగం జీవితం పిల్లల్ని ఆ మాట అడిగిన మనిషి. "సమజైంది" అని నోటి దాకా వచ్చింది, పెదవులు కదలడం చూశాను. ఆగిపోయాడు. టేబుల్ మీద చారల వైపు చూస్తూ, మెల్లగా:

"కాలే."

"ఏం కాలే?"

"సమజ్ కాలే. మల్ల చెప్పు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన నోట ఈ మాట నేను వినలేదు. ఆయన బడిలో పిల్లలెవరూ విని ఉండరు. మళ్లీ చెప్పాను. కాలే అన్నాడు. ఇంకో దారిలో చెప్పాను. మూడోసారి కూడా కాలే అన్నాడు, ఈసారి జర గట్టిగా, నాకే చెప్పరాదన్నట్టు.

నాకే చెప్పరాదేమో. అదీ తేలిపోనీ. బోధన్ బస్సు ఈపాటికి వెళ్లిపోయి ఉంటుంది. స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.